సంచి తీసేస్తే దురద పోతుందా?

మొన్న మా తోడికోడలు ఫోన్ చేసింది. వరసకి తోడికోడలే గానీ నేను అక్కా అనే పిలుస్తాను. అవీ ఇవీ మాట్లాడాక, "నెలసరి ఎట్టా ఉందే?" అని అడిగింది. "ఎట్టా ఉంటదక్కా, రెండు నెలలు రాదు, వస్తే పన్నెండు రోజులు పోదు. దానికి తోడు ఆ దురద ఒకటి" అన్నాను. వెంటనే ఆమె నోట్లోంచి వచ్చిన మాట: "తీయించేసుకోవే. పిల్లలు పెద్దోళ్లయ్యారు, ఇంకా ఆ సంచితో నీకేం పని? పీడా పోద్ది."

అక్క ముప్పై అయిదో ఏట గర్భసంచి తీయించుకుంది. ఇప్పుడు ఆమెకి యాభై రెండు. "మరి నీకు దురద పోయిందా అక్కా?" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "లేదులే, వస్తా పోతా ఉంటది" అంది.

పదిహేడేళ్లు! ఏ బాధ పోవాలని కడుపు కోయించుకుందో ఆ బాధ పదిహేడేళ్లుగా ఆమెతోనే ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. పైగా అదే వైద్యం ఇప్పుడు నాకు చెబుతోంది. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. అందుకే ఈసారి ఆవకాయ సంగతీ పిల్లల చదువుల సంగతీ పక్కనపెట్టి ఇది రాస్తున్నాను. మొహమాటపడే విషయమే. అయినా పేరు పెట్టి చెప్పుకోకపోవడం వల్లే ఇంతదాకా వచ్చింది కాబట్టి పేరు పెట్టే రాస్తాను. మగవాళ్లు కూడా చదవండి. మీ ఇంట్లో ఆడవాళ్ల సంగతే ఇది.

ముందు నా కథ. రెండేళ్ల కిందట, నా నలభై నాలుగో ఏట మొదలైంది. దురద, మంట, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట. మన ఇళ్లలో దీనికి ఒకటే పేరు: వేడి చేసింది. సబ్జా గింజలు నానబెట్టి తాగాను. బార్లీ కాచుకున్నాను. మజ్జిగతో కడుపు నింపుకున్నాను. వేడి దిగలేదు. తర్వాత మా ఆయన్ని మందుల షాపుకి పంపాను. పాపం ఆయనేమో "ఆడవాళ్ల దురదకి" అని గొంతు తగ్గించి అడిగితే, కౌంటర్లో కుర్రాడు ఒక ట్యూబు నల్ల కవర్లో పెట్టి ఇచ్చాడట. రాస్తే రెండు రోజుల్లో హాయి. మళ్లీ పదిహేను రోజులకి రెట్టింపు దురద. అలా ఎన్ని ట్యూబులు పిండానో లెక్కలేదు.

ఈలోపు నెలసరి కూడా గాడి తప్పింది. బట్టలు తడిసిపోయేంత రక్తం. మెట్లెక్కితే ఆయాసం. చివరికి టౌన్లో ఒక ఆసుపత్రికి వెళ్లాం. స్కాన్ తీశారు. "సంచి వాచింది. దాని మూతి మీద పుండు ఉంది. ఇలాగే వదిలేస్తే క్యాన్సర్‌గా మారొచ్చు. తీసేద్దాం, నాలుగు రోజుల్లో ఇంటికి పోవచ్చు" అన్నారు. లోపలికి వెళ్లి బయటికి వచ్చేసరికి పది నిమిషాలు పట్టలేదు. షుగరు చూడలేదు. రక్తం ఎంతుందో చూడలేదు. ఆ తెల్లబట్ట ఏమిటో పరీక్ష చెయ్యలేదు. ఏ ట్యూబులు రాశావమ్మా అని అడగలేదు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక మా ఆయన ముఖం పాలిపోయింది. "ఎప్పుడు చేరమంటారు?" అని అడిగేశాడు కూడా.

"ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చెప్తామండీ" అని లేచాను. ఆడవాళ్లని అణచడానికి పుట్టిన మాటే అయినా ఆ రోజు అదే నన్ను కాపాడింది.

తర్వాత ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకున్నాను. సగం రోజు లైన్లో కూర్చున్నా. కానీ అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "షుగరు ఎప్పుడు చూపించుకున్నావు?" రెండోది, "ఏ క్రీములు వాడావు?" మూడోది, "దేంతో కడుగుతావు?" నేను డెట్టాల్ నీళ్లు అని గొప్పగా చెప్పాను. ఆమె తల పట్టుకుంది.

మూడు నెలల సగటు షుగరు 9.1 వచ్చింది. 6.5 దాటితేనే షుగరు వ్యాధి అంటారు. హిమోగ్లోబిన్ 8.6. ఆడవాళ్లకి 12 ఉండాలి. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. అందులో ఏ దోషమూ లేదు. అంటే, నాకు షుగరు వచ్చిందని నా ఒళ్లు ఏడాదిన్నరగా దురద రూపంలో చెబుతుంటే, నేను దానికి మజ్జిగ పోశాను. టౌన్ ఆసుపత్రి ఏమో దానికి కత్తి చూపించింది.

ఇప్పుడు విషయానికొస్తాను. ఈ దురద ఎక్కువగా కాండిడా అనే ఫంగస్ వల్ల వస్తుంది. అది అంటుకొచ్చే పాపపు జబ్బు కాదు. కొద్దిగా మన ఒంట్లో ఉండేదే. యోనిలో మంచి సూక్ష్మజీవులు కొన్ని కాపలా కాస్తుంటాయి. అవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసి ఆ చోటుని పులుపుగా ఉంచుతాయి. మన పెరుగు తోడుకునేదీ వాటి చుట్టాల వల్లే. డెట్టాలూ సబ్బూ పోసి కడిగితే, జలుబుకీ పంటినొప్పికీ అడ్డూ అదుపూ లేకుండా యాంటీబయాటిక్స్ మింగితే ఆ కాపలా చెదిరిపోతుంది. షుగరు ఎక్కువైతే ఫంగస్‌కి పండగ. మూడొంతుల మంది ఆడవాళ్లకి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. కానీ ఏడాదిలో మూడు సార్లు, అంతకన్నా ఎక్కువ వస్తుంటే దాన్ని మళ్లీ మళ్లీ వచ్చే రకం అంటారు. అప్పుడు ట్యూబు కాదు, కారణం వెతకాలి.

ఇక్కడే నా మొదటి వాదన. ఈ ఫంగస్ ఉండేది గర్భసంచిలో కాదు. యోనిలో. సంచి తీసేసినా ఆ దారి అక్కడే ఉంటుంది. షుగరు అక్కడే ఉంటుంది. డెట్టాల్ సీసా అక్కడే ఉంటుంది. మరి దురద ఎక్కడికి పోతుంది? వంటింట్లో పంపు కారుతుంటే పడకగది పడగొట్టే తాపీమేస్త్రీని మనం ఇంట్లోకి రానిస్తామా? ఒంటి విషయంలో మాత్రం రానిస్తున్నాం.

మందుల షాపు ట్యూబు సంగతి కూడా చెప్పాలి. అలా చేతికిచ్చే క్రీముల్లో చాలావాటిలో మూడు మందులు కలిపి ఉంటాయి. ఫంగస్‌కి ఒకటి, బాక్టీరియాకి ఒకటి, వాటితో పాటు క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ ఒకటి. ఆ రెండు రోజుల హాయి స్టెరాయిడ్‌ది. అది దురదని జోకొడుతుంది, చర్మాన్ని పలచన చేస్తుంది, లోపల ఫంగస్‌ని పెంచుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే నిబంధన బిగించింది. నల్ల కవరుకి చీటీతో పనేముంది?

ఇంకో సంగతి. మా వీధిలో ఒకావిడకి షుగరు అదుపులోనే ఉంది, అయినా నెలనెలా దురద. చూడబోతే ఆవిడకి కొత్తగా రాసిన షుగరు బిళ్ల డాపాగ్లిఫ్లోజిన్. ఇదీ, ఎంపాగ్లిఫ్లోజినూ ఒంట్లో ఎక్కువైన చక్కెరని మూత్రంలోంచి బయటికి పంపుతాయి. ఆ చక్కెర తగిలే చోట ఫంగస్ పెరగడం ఈ మందులకి బాగా తెలిసిన ఇబ్బంది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు అయిపోయాక ధర దిగి, ఇప్పుడు ఊరూరా వాడుతున్నారు. గుండెకీ కిడ్నీకీ మేలు చేసే మందే, కాబట్టి మీ అంతట మీరు ఆపెయ్యకండి. కానీ ఆ బిళ్ల రాసేటప్పుడు "అమ్మా, అక్కడ దురద వస్తే చెప్పు" అని ఒక్క ముక్క చెప్పడానికి ఎంత సమయం పడుతుంది? ఆ ఒక్క ముక్క లేక ఆవిడ కూడా ఆపరేషన్ దాకా వెళ్లొచ్చింది.

తెల్లబట్ట అంతా ఫంగస్ కూడా కాదు. చేపల వాసన వస్తే అది బాక్టీరియా తేడా కావచ్చు, దానికి మందు వేరు. నెలసరి పూర్తిగా ఆగిపోయిన వాళ్లకి వచ్చే దురద చాలాసార్లు ఫంగస్ కానే కాదు. ఈస్ట్రోజెన్ తగ్గి అక్కడి చర్మం పొడిబారి మంట పుడుతుంది. దానికి ఫంగస్ ట్యూబు ఎన్ని పూసినా దండగ. అందుకే చూసి, పరీక్షించి, మందివ్వమంటున్నాను.

ఇక నెలసరి. నలభై దాటాక అండం ప్రతినెలా విడుదల కాదు. విడుదల కాని నెలలో గర్భసంచి లోపలి పొరని పెంచే హార్మోను పనిచేస్తూనే ఉంటుంది, దాన్ని నిలబెట్టి వేళకి రాల్చే హార్మోను తయారవదు. పొర మందమై, ఒకనాడు వరద గేట్లు ఎత్తినట్టు కారిపోతుంది. మన దేశంలో ఆడవాళ్లకి నెలసరి ఆగే వయసు సగటున నలభై ఆరు, నలభై ఏడు. దానికి ముందు కొన్నేళ్లు ఇలా తప్పడం, ఎక్కువవడం ప్రకృతిలో ఉన్నదే. థైరాయిడ్ వల్ల కావచ్చు, గడ్డల వల్ల కావచ్చు. రక్తం తగ్గించే బిళ్లలున్నాయి, హార్మోను బిళ్లలున్నాయి, సంచిలోనే హార్మోను వదిలే లూప్ ఉంది. ఇవన్నీ అయ్యాక, ఇవేవీ పనిచెయ్యకపోతే రావలసిన మాట ఆపరేషన్. మా దగ్గర అదే మొదటి మాట.

లెక్కలు చూడండి. 2015-16లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోనే మొదటి స్థానం. పక్కన తెలంగాణ 7.7. ఆ తర్వాతి సర్వేలోనూ మన స్థానం మారలేదు. ఆ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. ఆపరేషన్ నాటి వయసు దేశం మొత్తం మీద చూస్తే ముప్పై నాలుగు దగ్గర. తెలుగు ఆడవాళ్ల గర్భసంచులు మాత్రమే దేశంలో అందరికన్నా మూడింతలు చెడిపోయి పుట్టాయా? చెడింది సంచి కాదు, పద్ధతి.

నేనొక్కదాన్నే అరుస్తున్నానని అనుకోకండి. డాక్టర్ నరేంద్ర గుప్తా అనే ఆయన బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అవసరం లేకుండా చేసిన ఇలాంటి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టులో కేసు వేశారు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చెయ్యమని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. నలభై లోపు వాళ్లకి చేస్తే ఎందుకు చేశారో రాయాలి. మన జిల్లా కమిటీ ఏం చేస్తోందో మీలో ఎవరికైనా ఎవరైనా చెప్పారా? నాకైతే చెప్పలేదు.

"నువ్వు ఇంట్లో కూర్చుని రాస్తున్నావు, కూలికి పోయేవాళ్ల సంగతి నీకేం తెలుసు?" అని మా పనిమనిషి ఒకసారి నా మొహం మీదే అడిగింది. న్యాయమైన ప్రశ్న. పత్తి తీతల్లో, మిరపకోతల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి పనిచేసే ఆడమనిషికి చేలో మరుగుదొడ్డి ఉండదు. మార్చుకోవడానికి చాటు ఉండదు. కారం అంటిన చేతులు కడుక్కోవడానికి చాలినన్ని నీళ్లు ఉండవు. పన్నెండు రోజులు రక్తం పోతే పన్నెండు రోజుల కూలి పోతుంది. అలాంటి మనిషికి "సంచి తీసేస్తే నెలనెలా గోల ఉండదు" అంటే అది వరంలాగే వినిపిస్తుంది. ఆమెని నేను తప్పు పట్టను. ఒక మరుగుదొడ్డి, బకెట్టు నీళ్లు, రక్తం పట్టే మందు, రెండు రోజుల సెలవు ఇవ్వలేని మనం ఆమె అవయవాన్ని అడుగుతున్నామే, తప్పు అక్కడుంది.

పైగా ఆ వరం వెనక ఉన్నదేమిటో ఆమెకి ఎవరూ చెప్పరు. మా అక్కకి సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. ఆ సంగతి ఆమెకి ఏడాది తర్వాత కాగితాలు చూస్తే తెలిసింది. ముప్పై అయిదో ఏటే ఒక్క రోజులో ముసలితనం వచ్చి పడింది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, నలభై అయిదు దాటకుండానే ఎముకల బలహీనత. అండాశయాలు ముందుగానే తీసేస్తే ఎముకలకీ గుండెకీ ముప్పు పెరుగుతుందని వైద్యులకి తెలియనిది కాదు. ఇదంతా "వయసు మీద పడింది" అనుకుని ఆమె సర్దుకుంది.

సంచి తీయవలసిన జబ్బులు లేవని నేను అనడం లేదు. క్యాన్సర్ ఉంటే తియ్యాలి. మందులకి లొంగని పెద్ద గడ్డలు, బయటికి జారిన సంచి, వీటికి ఆపరేషన్ ప్రాణం పోస్తుంది. సంభోగం తర్వాత రక్తం కనిపించినా, ఏడాది పాటు నెలసరి ఆగిపోయాక మళ్లీ ఒక్క చుక్క కనబడినా ఆలస్యం చెయ్యకుండా వెళ్లాలి. కానీ "మూతి మీద పుండు" అని చెప్పేది చాలాసార్లు మామూలు మార్పే. క్యాన్సర్ అనుమానముంటే పాప్ పరీక్షతోనో హెచ్‌పీవీ పరీక్షతోనో తేల్చాలి గానీ భయపెట్టి తేల్చకూడదు.

నాకు ఎక్కువ కోపం మాత్రం మన మీదే. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే తుళ్లూరు, మందడం, వెలగపూడి ఆడవాళ్లం రోడ్ల మీదికి వచ్చాం. ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చున్నాం. పోలీసుల ముందు నిలబడ్డాం, టీవీ మైకుల ముందు గొంతెత్తాం, కోర్టుల్లో ఏం జరుగుతోందో వేళ్ల మీద చెప్పాం. మా భూమి పత్రంలో ప్రతి అక్షరం మాకు కంఠతా వచ్చు. అదే మేము, ఆ శిబిరంలో దురదతో ఒక పక్కకి ఒరిగి కూర్చుని, మరుగుదొడ్డికి పోవాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేసి, పక్కనున్న మనిషితో ఒక్క ముక్క చెప్పుకోలేదు. ముఖ్యమంత్రిని "ఎందుకు?" అని అడగ్గలిగిన నోరు, డాక్టరుని "ఎందుకు తీస్తారు?" అని అడగలేకపోయింది.

నేను బీఏ తెలుగు చదివాను. అష్టవిధ నాయికల లక్షణాలు ఇప్పటికీ ఒప్పజెబుతాను. ఆడదాని కాలిగోరు నుంచి కనుబొమ దాకా వర్ణించడానికి మన భాషకి మాటలు కరువు కాలేదు. ఆ ఒంటికి బాధొచ్చినప్పుడు మాత్రం "అక్కడ", "అది", "లోపల" అంటాం. నెలసరికి "బయట చేరింది" అంటాం. పేరు లేని బాధకి చీటీ రాయడం ఎవరికైనా కష్టమే. పది నిమిషాల డాక్టరుకి మన మౌనమే సంతకం.

కాబట్టి ఆపరేషన్ అన్న మాట వినగానే తేదీ అడక్కండి. ప్రశ్నలు అడగండి. నా జబ్బు పేరేమిటి? షుగరు, థైరాయిడ్, రక్తం పరీక్షలు చేశారా? లోపలి పొర పరీక్ష చేశారా? మందులతో ఎన్నాళ్లు చూడొచ్చు? అండాశయాలు ఉంచుతారా? ఈ ఆపరేషన్‌తో నా బాధల్లో ఏది పోతుంది, ఏది పోదు? కాగితాలు తీసుకుని గుంటూరు జీజీహెచ్‌కో, మంగళగిరి ఎయిమ్స్‌కో వెళ్లి ఇంకొక డాక్టరు మాట కూడా వినండి. రక్తం ఆగకుండా పోతుంటే తప్ప ఒక వారం ఆగితే కొంప మునగదు. తీసేసిన సంచి మాత్రం తిరిగి రాదు.

నా సంగతి చెప్పి ముగిస్తాను. షుగరు మందులు మొదలుపెట్టాను. ఫంగస్‌కి వారానికొక బిళ్ల చొప్పున ఆరు నెలలు డాక్టరమ్మ చూస్తూ ఇచ్చారు. ఐరన్ బిళ్లలు మింగాను. డెట్టాల్ సీసా నేల తుడవడానికి వెళ్లిపోయింది. మధ్యలో ఒకసారి దురద తిరిగొచ్చింది, అప్పుడు చూస్తే షుగరు మళ్లీ పెరిగి ఉంది, పెళ్లిళ్ల సీజను పుణ్యమా అని. నెలసరి ఇంకా దాని ఇష్టం వచ్చినట్టే వస్తోంది. కానీ అది ఎందుకలా వస్తోందో నాకు తెలుసు. నా సంచి నాతోనే ఉంది.

అక్కకి మళ్లీ ఫోన్ చేశాను. "షుగరు ఎప్పుడు చూపించుకున్నావు?" అన్నాను. "నాకెందుకే షుగరు, తీపి తినను కదా" అంది. సోమవారం బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్తున్నాను. పొద్దున్నే పరగడుపున నేనే తీసుకెళ్లి రక్తం ఇప్పిస్తాను. మీకూ ఒక అక్క ఉండే ఉంటుంది. ఒక ఫోన్ చెయ్యండి. కూరేం చేశావని తర్వాత అడగొచ్చు.